మందునకు లొంగని వ్యాధి – మన కర్తవ్యము

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్ కొండలపై, ఫిల్మ్ నగర్ వీధులలో, తెలుగుజాతి చూచెడి కలలు తయారగుచున్నవి. ఆ కొండ దిగి బంజారా హిల్స్ వైపు కొలది దూరము వచ్చినచో బసవతారకం ఇండో అమెరికన్ కాన్సరు ఆసుపత్రి కానవచ్చును. పల్లెల నుండియు పట్టణముల నుండియు రోగులును వారి బంధువులును చీటీలు చేతబట్టుకొని అచట వేచియుందురు. తెరపై కథ చూచి కన్నీరు విడిచినవారే యిచట తమ కథ చెప్పుకొని కన్నీరు విడుచుచున్నారు. ఈ రెండు స్థలముల నడుమ దూరము స్వల్పము. కాని ఒకచోట చెప్పబడు కథకును, రెండవచోట జరుగు యథార్థమునకును నడుమ దూరము మిక్కిలి హెచ్చు. ఆ దూరమును గూర్చియు, దానిని తగ్గించు మార్గమును గూర్చియు నేడు మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

1981 లో దాసరి నారాయణరావుగారి దర్శకత్వమున వెలువడిన ‘ప్రేమాభిషేకం’ చిత్రమున కథానాయకునకు కాన్సరు. 1993 నాటి ‘మాతృదేవోభవ’లో తల్లికి రక్తపు కాన్సరు. ఈ చిత్రములు లక్షలాది హృదయములను కరగించినవి. వాని కళను మేము తప్పుపట్టము. అయినను ఇట్టి కథలలో కాన్సరు వ్యాధిగా గాక విధివ్రాతగా వచ్చును. వైద్యుడు తలవంచును, రోగి త్యాగము చేయును, తెర పడును. మందు ఏమి చేసెను, కొంతకాలము చేసి పిదప ఏల మానెను అను ప్రశ్నకు అందు చోటే యుండదు.

నిజజీవితమున మాత్రము ఆ చిత్రసీమవారే ఇంతకన్న ధైర్యముగ వర్తించిరి. నందమూరి తారకరామారావుగారు 1985 లో కాన్సరు చేత మరణించిన తమ భార్య బసవతారకముగారి పేర ఆసుపత్రి నిర్మాణమునకు పూనుకొనిరి. వారు 1996 లో గతించిన పిమ్మట, 2000 సంవత్సరము జూన్ మాసమున నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి దానిని ప్రారంభించిరి. ‘ప్రేమాభిషేకం’ నాయకుడైన అక్కినేని నాగేశ్వరరావుగారు 2013 అక్టోబరులో పత్రికలవారిని పిలిచి తమకు కాన్సరు సోకినదని తామే చెప్పిరి. 2014 జనవరి 22 వ తేదీన వారు స్వర్గస్థులైరి. శ్రీకాకుళమున జన్మించిన నటి గౌతమిగారు తమకు వచ్చిన రొమ్ము కాన్సరును దాచలేదు. తెలుగు చిత్రములలో నటించిన మమతా మోహన్‌దాస్‌గారికి హాడ్జ్‌కిన్ వ్యాధి ఒకమాఱు తగ్గి మరల తిరుగబెట్టినది. ఆమె రెండవమాఱును చికిత్స పొంది తెరకు మరలి వచ్చిరి. తిరుగబెట్టుట యనగా తెరపడుట కాదని ఈ యొక్క ఉదాహరణము చాటుచున్నది.

ఆసుపత్రి వరండాలలో తఱచు వినబడు ప్రశ్న యొకటి కలదు. "మొదట మందు పనిచేసెను. గడ్డ కరగెను. ఇంటికి పోయి పనిపాటలు చేసుకొంటిమి. సంవత్సరము తిరుగకమునుపే వ్యాధి మరల వచ్చెను. ఇప్పుడు అదే మందు ఎక్కించినను లొంగుట లేదు. ఏల?" దీనికి లోకము చెప్పు సమాధానములు మూడు. ఇది పూర్వకర్మ యని యొకరు. మందు కల్తీయైనదని యొకరు. వైద్యుడు మోసగించెనని యొకరు. ఈ మూటిలో ఏది నమ్మినను ఫలితమొక్కటియే. రోగి చికిత్స మానును. పిమ్మట ఆకుపసరుతో నయము చేసెదనను వాని గుమ్మము తొక్కును. ఉన్న పొలము అమ్మగా మిగిలిన సొమ్ము ఆ గుమ్మముననే కరగిపోవును. న్యాయస్థానమున సాక్ష్యము విచారింపక తీర్పు చెప్పిన న్యాయాధిపతిని మనము క్షమింపము. ప్రాణములతో గూడిన ఈ వ్యాజ్యమున మాత్రము సాక్ష్యము చూడకయే తీర్పు చెప్పుకొనుచున్నాము. సాక్ష్యము లేకపోలేదు. అది చాలవఱకు దొరకినది. అందు మొదటి పత్రము ఒక తెలుగువాని పేర నున్నది.

ఆయన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 లో భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు గాంధీ మహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సశాలకు ఖద్దరు దుస్తులు ధరించి పోయిరి. ఆంగ్లేయ ఆచార్యునకు ఆగ్రహము వచ్చెను. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో వారు బయటపడవలసి వచ్చెను. వారి సోదరు లిరువురు సంగ్రహణి వ్యాధిచేత మరణించిరి. ఆ దుఃఖమును హృదయమున నుంచుకొనియే వారు అమెరికాకు పోయిరి. 1925 లో ఫిస్కే పండితునితో గూడి రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. 1940 లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిరి. వారి నాయకత్వమున ఆ సంస్థవారు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారు చేయగలిగిరి.

కథ అచటితో నిలువలేదు. ఫోలిక్ ఆమ్లము లేనిదే జీవకణము విభజన చెందజాలదు. అట్లయినచో, దానిని పోలియుండి దాని పని చేయని నకిలీ పదార్థమును కణమున కందించినచో, అతివేగముగ విభజన చెందు కాన్సరు కణము మోసపోయి నశింపవలె గదా! ఈ యుక్తితో సుబ్బారావుగారి ప్రయోగశాలలో అమినోప్టెరిన్, పిదప మెథోట్రెక్సేట్ అను మందులు పుట్టినవి. బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరుతో మరణమున కెదురుచూచుచున్న పదునార్గురు పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చెను. పదిమందికి గుణము కనబడెను. 1948 జూన్ మాసమున ఆ వార్త వైద్యపత్రికలో ప్రకటింపబడెను. నాటి వఱకు ఏ మందును ఆ వ్యాధిని అంత స్పష్టముగ వెనుకకు నెట్టియుండలేదు. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి.

పాఠక మహాశయులు ఇచట ఒక్క మాట గమనింపవలెను. ఫార్బర్ వ్యాసపు శీర్షికలోనే ఆ గుణము ‘తాత్కాలిక’మని చెప్పబడియున్నది. ఆ పిల్లలకు వ్యాధి తిరుగబెట్టినది. అనగా, కాన్సరును మందుతో జయింపవచ్చునను ఆశయు, ఆ మందునకు కాన్సరు ఎదురుతిరుగునను భయమును ఒక్కదినముననే పుట్టిన కవలపిల్లలు. డెబ్బది యేండ్లు దాటిపోయినను ఈ రెండును కలిసియే నడచుచున్నవి.

కాన్సరు మందునకు ఏల ఎదురుతిరుగును? గుంటూరు రైతు నడిగినచో సగము సమాధానము చెప్పగలడు. పత్తిచేనిలో పురుగుమందు కొట్టిన తొలియేడు పురుగు చచ్చును. కాని పురుగు లన్నియు ఒక్క తీరున నుండవు. చావక మిగిలిన నాలుగే సంతానమును వృద్ధిచేసికొనును. మఱుసటియేడు ఆ మందు నీటితో సమానము. గడ్డలోని కోట్లకొలది కణములును అట్టివే. మెథోట్రెక్సేట్ మందు ఏ ఎంజైమును అడ్డగించునో ఆ ఎంజైమునకు మూలమైన జన్యువు ప్రతులను కొన్ని కాన్సరు కణములు అనేక రెట్లు పెంచుకొని మందును ముంచివేయుచున్నవని 1978 లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మఱికొన్ని కణములు లోనికి వచ్చిన మందును బయటికి తోడిపోయును. ఇంకను కొన్ని మందు చేసిన గాయమును మాన్పుకొనును. ఈ మార్గములలో అనేకము జన్యువు మారుటవలన గలుగునవి.

కాని జన్యువున ఒక్క అక్షరమైనను మారకయే కణము మందునకు లొంగకపోవు మార్గము వేఱొకటి కలదు. నేటి పరిశోధకుల దృష్టి దానిపై మిక్కిలిగ నున్నది. దాని పేరు డి.ఎన్.ఏ. మిథైలేషన్. మా వృత్తిభాషలో చెప్పినచో సులభముగ బోధపడును. ఒక దస్తావేజును చెల్లకుండ చేయుటకు రెండు విధములు గలవు. లోపలి అక్షరములను దిద్దివేయుట యొకటి. అక్షరముల జోలికి పోక, మొదటి పుటపై ‘చెల్లదు’ అని ముద్ర కొట్టుట రెండవది. మన కణములలోని డి.ఎన్.ఏ. సుమారు మూడువందల కోట్ల అక్షరముల దస్తావేజు. అందలి ‘సి’ యను అక్షరముపై మిథైల్ అను చిన్న రసాయన ముద్ర పడుచుండును. ఒక జన్యువు ఆరంభభాగమున ఈ ముద్రలు దట్టముగ పడినచో ఆ జన్యువు మౌనము వహించును. కంటికణమునకును కాలేయకణమునకును దస్తావేజు ఒక్కటియే యైనను, అవి వేఱువేఱు పనులు చేయుటకు ఇట్టి ముద్రలును ఒక కారణము. కావున ముద్ర స్వతః చెడ్డది కాదు. కాన్సరు కణము ఆ ముద్రను దొంగిలించి తన యవసరమునకు వాడుకొనుటయే చెడ్డది.

సుబ్బారావుగారి మందునకే ఈ దొంగతనము జరిగినది. మెథోట్రెక్సేట్ కణములోనికి పోవుటకు ఫోలిక్ ఆమ్లమునకై ఏర్పడిన ద్వారము కావలెను. ఆ ద్వారమును నిర్మించు జన్యువుపై మిథైల్ ముద్ర పడి, ద్వారము మూతపడుటవలన, ఒక జాతి రొమ్ము కాన్సరు కణములు మందునకు లొంగుట లేదని 2001 లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు చూపిరి. ముద్రను తుడుచు ద్రవ్యము నిచ్చినపుడు ఆ జన్యువు మరల మేల్కొనెను. ఇంకొక విచిత్రము గలదు. ఈ మిథైల్ ముద్రలు దేహమున తయారగు రసాయనచక్రమున ఫోలిక్ ఆమ్లమునకు ముఖ్యస్థానమున్నది. ఏ విటమినును మన తెలుగువాడు సాధించెనో దానికే ముద్రతోను సంబంధము; దాని నకిలీతో చేసిన మందునకే ముద్రవలన ఆటంకము! ఇంత దగ్గఱ చుట్టఱికమున్న విషయమును తెలుగునాట చదువుకొన్నవారు సయితము తెలియకుండుట మాకు విచారముగ నున్నది.

ముద్ర ఎల్లప్పుడును శత్రువే యనుకొనరాదు. మెదడున వచ్చు గ్లయోబ్లాస్టోమా యను ఘోరమైన గడ్డకు టెమొజోలమైడ్ అను మందు నిత్తురు. ఆ మందు చేసిన గాయమును మాన్పు ఎంజైము నిచ్చు జన్యువు పేరు ఎం.జి.ఎం.టి. ఆ జన్యువుపై ముద్ర పడియున్నచో గాయము మానదు; కాన్సరు కణము చచ్చును. 2005 లో ప్రకటింపబడిన ఐరోపా కెనడా పరిశోధనలో 206 గురు రోగుల గడ్డలు పరీక్షింపబడినవి. నూటికి 45 గడ్డలలో ఈ ముద్ర కనబడెను. ముద్ర గలవారిలో కిరణచికిత్సతోపాటు ఈ మందు పుచ్చుకొన్నవారి మధ్యస్థ జీవితకాలము 21.7 మాసములు; కిరణచికిత్స మాత్రమే పొందినవారికి 15.3 మాసములు. ముద్ర లేనివారికి మందువలన లాభము మిక్కిలి స్వల్పము. ఇది ఊహ కాదు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన చేయదగిన పరీక్ష.

దీనికి ఎదురు దృష్టాంతము అండాశయపు కాన్సరున నున్నది. ప్లాటినము మందులు కణమునకు చేసిన గాయమును గుర్తించి ‘ఇక చావవలెను’ అని తెలుపుటలో ఎం.ఎల్.హెచ్.1 అను జన్యువునకు పాలు గలదు. దానిపై ముద్ర పడినచో కణము గాయముతోనే బ్రదుకుట నేర్చుకొనును. 2000 సంవత్సరమున ఎలుకలలో పెంచిన గడ్డలపై ముద్ర తుడుచు డెసిటబిన్ అను మందు నిచ్చి, పిదప ప్లాటినము మందు నీయగా, లొంగని గడ్డ లొంగెను. ఎంత సంతోషము! కాని మనుష్యులపై చేసిన పరీక్షలు ఏకవాక్యత చూపలేదు. 2012 లో ప్రకటితమైన చిన్న పరీక్ష ఆశ గొలిపెను. 2014 లో ప్రకటితమైన వేఱొక పరీక్షలో డెసిటబిన్ చేర్చుటవలన మేలు కలుగకపోగా ప్లాటినము ఒంటరిగ నిచ్చిన దానికన్న ఫలితము తగ్గెను. ఒకచోట మిత్రమైన ముద్ర వేఱొకచోట శత్రువు. అన్ని పుటల మీది ముద్రలను ఒక్కమాఱు తుడిచివేయు మందుతో ఒక్క పుటను మాత్రమే సరిచేయజాలము. ఇదియే ఈ శాస్త్రము నేటి చిక్కు. నేడో రేపో సర్వరోగనివారిణి వచ్చునని చెప్పువాడు రోగి మిత్రుడు కాడు.

మఱి ఇంతవఱకు దక్కిన లాభమేమి? ముద్ర తుడుచు మందులలో మొదటిదైన అజాసిటిడిన్‌ను 1964 లో చెకొస్లొవేకియా రసాయనజ్ఞులు తయారు చేసిరి. నాడు దానిని విషమువలె పెద్ద మోతాదులలో వాడి, బాధలు చూచి విసిగిరి. అది మిథైల్ ముద్రను తుడుచునని 1980 లో అమెరికాలో తేలెను. చిన్న మోతాదులతో వాడగా మూలుగను చెఱచు కొన్ని వ్యాధులలో ఫలించుటచే 2004 లో దానికిని, 2006 లో డెసిటబిన్‌కును అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. మన హైదరాబాదున వెలసిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2013 లో అజాసిటిడిన్‌ను, డెసిటబిన్‌ను జెనరిక్ మందులుగ అమెరికాలో విక్రయించుటకు పూనుకొనెను. 2012 మార్చిలో మన దేశమున ప్రప్రథమముగ ఇచ్చిన నిర్బంధ లైసెన్సు పొందినదియు హైదరాబాదు సంస్థయే. నాట్కోవారు నెలకు రెండు లక్షల ఎనుబది వేల రూపాయలకు పైగా నున్న సొరాఫెనిబ్ కాన్సరు మందును 8,880 రూపాయలకు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. అనగా, మందును చౌకగ తయారు చేయు విద్యలో ఈ నగరము ప్రపంచమునకు గురువు. మందు ఏల ఓడిపోయినదో కనుగొను విద్యలో మాత్రము మనము ఇతరుల ముఖము చూచుచుండుట యేల?

ఇచట విజ్ఞులు కొందఱు ఒక ఆక్షేపణ చేయుదురు. "పేదదేశమున పొగాకు మాన్పించుడు; వ్యాధిని మొదటనే గుర్తించుడు; మందు అందని పల్లెకు మందు పంపుడు. పిమ్మట ఈ సూక్ష్మశాస్త్రము." ఈ మాటలో ధర్మమున్నది. మేము దానిని కాదనము. వంద రూపాయలుండి ఒక్క పనియే చేయగలిగినచో, పొగాకు మాన్పించుటయే చేయుదుము. కాని యథార్థమున ఆ రెండు పనులును ఒక్క సంచిలోని సొమ్ముతో జరుగుట లేదు. మఱియు, లొంగని వ్యాధికి లక్షలు పోసి నిష్ఫలమైన మందు నెక్కించుటయే పేదవానికి అన్నిటికన్న పెద్ద ఖర్చు. ఏ మందు ఎవరికి పనిచేయదో ముందుగ తెలిసినచో ఆ లక్షలు మిగులును. ఆ రోగికి వాంతులును, జుట్టు రాలుటయు, నీరసమును తప్పును. సూక్ష్మశాస్త్రము ధనవంతుని విలాసము కాదు. అది పేదవాని పొదుపు.

రెండవ యాక్షేపణ ఇంకను బలమైనది. "అమెరికావారు ఎటులైనను కనుగొందురు, మనము వాడుకొందము." కాని వారి గడ్డలు వేఱు, మన గడ్డలు వేఱు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరగ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొని కాల్చు ‘అడ్డపొగ’ వాడుక తరతరములుగ నున్నది. దానివలన అంగుటి కాన్సరు వచ్చునని వైద్యగ్రంథములకు తెలిపినదే మన ఆంధ్రతీరము. ఆ వేడి, ఆ పొగ అంగుటి కణములపై ఏ ముద్రలు వేయుచున్నవో, ఆ కాన్సరు ఏ మందునకు లొంగునో, ఏ మందునకు లొంగదో బోస్టన్ నగరమున ఎవడు విచారించును? మన స్త్రీల వ్యాధిని మనము విచారింపనిచో విచారించువారే లేరు. స్వావలంబన మను మాట ఉప్పునకును నూలునకును మాత్రమే వర్తించునది కాదు.

అట్లయినచో చేయవలసినదేమి? మాకు తోచినవి ఐదు.

మొదటిది: వ్యాధి తిరుగబెట్టినపుడు, రోగికి అపాయము లేనిచోట, గడ్డనుండి మరల తునుక తీసి పరీక్షింపవలెను. మొదటి తునుకను, రెండవ తునుకను ప్రక్కప్రక్కన నుంచి చూచినపుడే మందు ఎచట ఓడెనో తెలియును. రోగి సమ్మతితో ఆ తునుకలను పారవేయక భద్రపఱచు భాండాగారము తెలుగు రాష్ట్రముల పెద్ద కాన్సరు ఆసుపత్రులన్నింటికిని ఉమ్మడిగ నుండవలెను. సమ్మతిపత్రము తెలుగులో నుండవలెను. వేలిముద్ర వేయువానికి దానిని చదివి వినిపింపవలెను. పేరు గోప్యముగ నుంచవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను అది విజ్ఞానము కాదు, అపహరణము.

రెండవది: ఫలము నిరూపితమైన ముద్రపరీక్షలు ధనము గలవారికే పరిమితము కారాదు. 2007 లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదవానికి పెద్ద ఆసుపత్రి ద్వారము తెఱచినది. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచినది. మందునకు సొమ్మిచ్చు ప్రభుత్వము, ఆ మందు పనిచేయునా యని తెలుపు పరీక్షకును సొమ్మీయవలెను. గుఱ్ఱమును కొని కళ్లెమునకు లోభించుట తెలివి కాదు.

మూడవది: ఈ నగరమున సామగ్రి యంతయు నున్నది. రోగులు బసవతారకం ఆసుపత్రిలోను, 1955 లో వెలసిన ఎం.ఎన్.జె. కాన్సరు సంస్థలోను ఉన్నారు. జన్యుశాస్త్రజ్ఞులు సి.సి.ఎం.బి. లోను, కేంద్రీయ విశ్వవిద్యాలయములోను ఉన్నారు. మందు చేయువారు మన కంపెనీలలో నున్నారు. కాని వైద్యుడొక దారి, శాస్త్రజ్ఞుడొక దారి, వర్తకుడొక దారియైనచో మూడు దారులును రోగి యింటికి చేరవు. ఈ ముగ్గురును ఒక్క బల్ల చుట్టు కూర్చుండి ప్రతిమాసము కొన్ని లొంగని వ్యాధులను గూర్చియైనను ఉమ్మడిగ విచారించు ఏర్పాటు జరుగవలెను. విదేశమున విక్రయించి లాభమార్జించు మందుల సంస్థలు ఆ లాభమున కొంత యీ విచారణకు వినియోగించుట దానము కాదు, ఋణము తీర్చుట.

నాలుగవది ఫిల్మ్ నగరమున కుద్దేశింపబడినది. అయ్యా, మీరు ఏడిపింపగలరు, నవ్వింపగలరు, ఒక్క పాటతో రాష్ట్రమంతటిని ఊపగలరు. కాన్సరు వచ్చిన కథ మీరు చెప్పియున్నారు. ఇప్పుడు కాన్సరుతో పోరాడిన కథ చెప్పుడు. మందు పనిచేసిన దినమును, మానిన దినమును, వైద్యుడు ‘ఏల’యని వెదకి వేఱొక మందు పట్టుకొనివచ్చిన దినమును చూపుడు. ఖద్దరు కట్టినందుకు పట్టము పోగొట్టుకొని లోకమునకు మందు నిచ్చిన భీమవరపు బ్రాహ్మణ బాలుని కథకన్న మిన్నయైన కథావస్తువు మీ కొండపై ఏ కార్యాలయమున నున్నది? ఏడ్పు వలదని మేము అనము. ఏడ్చినవాడు థియేటరు విడుచునపుడు కొంత తెలివిని గూడ మూటగట్టుకొని పోవలెనని కోరుచున్నాము.

ఐదవది మన పఠనమందిరములకు, పాఠకులకు. మీ యింట, మీ వీధిలో ఈ వ్యాధి గలవారుండవచ్చును. వారితో ఈ నాలుగు మాటలు చెప్పుడు. గుణము కనబడినదని చికిత్స నడుమ మానరాదు. రక్తపు కాన్సరు పిల్లలకు 1960 దశకమున నాలుగు మందులు కలిపి యిచ్చుట ఆరంభమైన పిదపనే దీర్ఘకాలపు గుణము సాధ్యమైనది. మందులు కలిపి, పూర్తిగ, వేళ తప్పక పుచ్చుకొనుటయే వ్యాధి ఎదురుతిరుగుటకు మొదటి అడ్డు. పరీక్షల కాగితములను, గడ్డ పరీక్ష నివేదికను భూమి దస్తావేజువలె భద్రపఱచుడు. వ్యాధి తిరుగబెట్టినచో వైద్యుని నిందింపక, "మరల పరీక్షించుట అవసరమా? మందు మార్చవలెనా?" అని మర్యాదగ అడుగుడు. అడుగుట రోగి హక్కు. మఱియొకటి. ఫోలిక్ ఆమ్లమును గూర్చి యిచట చదివితిమని దానిని తమంతట తామే కొని మ్రింగరాదు. మెథోట్రెక్సేట్ పుచ్చుకొనువారికి అది మందుతో నేరుగ ముడిపడిన పదార్థము. ఎప్పుడు, ఎంత యీయవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

కర్మ యని చేతులు ముడుచుకొనుట సులభము. వైద్యుని నిందించుట ఇంకను సులభము. కాని రెండును అసత్యములు. వ్యాధి లొంగకపోవుటకు కారణములు గలవు. ఆ కారణములకు పేర్లు గలవు. వానిలో కొన్ని చెరిపివేయదగిన ముద్రలు మాత్రమే. అవి అన్నియు నేడే చెరుగవు. కొన్ని చెరుపబోయి శాస్త్రజ్ఞులు ఓడిపోయిరి. ఓడి మరల ఆరంభించిరి. అట్లు మరల ఆరంభించుటయే శాస్త్రమునకు శీలము.

1948 లో ఒక తెలుగువాని మందుతో పదిమంది పిల్లలు లేచి కూర్చుండిరి. కొలది కాలమునకు మరల పండుకొనిరి. ఆ వ్యాసపు శీర్షికలో ‘తాత్కాలిక’ మను మాట అట్లే మిగిలిపోయినది. ఆ మాటను కొట్టివేయు పని మొదలుపెట్టినవారు అనేక దేశములలో నున్నారు. సుబ్బారావుగారి జాతివారమని చెప్పుకొను మనము, ఆయన పేర తపాలబిళ్ల చూచి సంతోషించుటతో తృప్తిపడుదుమా? లేక ఆ పనిలో మన చేయి గూడ కలుపుదుమా? కొండమీది చిత్రసీమయు, కొండ క్రింది ఆసుపత్రియు, ఊరి చివరి ప్రయోగశాలయు ఏకమైన దినమున ఆ చేయి బలమైనదగును. అంతవఱకు ప్రతి సంవత్సరము తిరుగబెట్టిన వ్యాధితో ఆ గుమ్మమున నిలుచువారి ప్రశ్నకు సమాధానము మనము బాకీపడియే యుందుము.